తువ్వాలు భుజం మారినప్పుడు

మా బాపు తువ్వాలును ఎడమ భుజం మీది నుంచి తీసి కుడి భుజం మీద వేసుకున్నాడంటే, నేను ఆయన అంగీ కొస పట్టి గుంజుతూ "పోదాం పా బాపూ, ఆకలైతుంది" అనాలి. అక్షరాలు రాకముందే నాకు వచ్చిన విద్య ఇది. కరీంనగర్ బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. సరుకు కొనడానికి టోకు వ్యాపారుల దగ్గరికి వెళ్లినప్పుడల్లా బాపు నన్ను వెంటబెట్టుకొని పోయేవాడు. ముద్దుకొద్దీ తీసుకుపోతున్నాడని అనుకునేదాన్ని. పనిముట్టుగా తీసుకుపోతున్నాడని అర్థమయ్యేసరికి ఆ పనిలో ఆరితేరిపోయాను.

బేరం ఒకచోట ఆగిపోతుంది. సేటు దిగడు, బాపు ఎక్కడు. అప్పుడు తువ్వాలు భుజం మారుతుంది. నేను గుంజుతాను. "ఏం జేద్దాం సేటూ, పిల్ల ఆగుతలేదు" అంటూ బాపు లేస్తాడు. ఇద్దరం గడప దాటుతాం. దీనికి ఒకటే నియమం: వెనక్కి చూడకూడదు. మెడ తిప్పినవాడు ఓడినట్టే. మెట్లు దిగి చెప్పులు వేసుకునేలోపు లోపలి నుంచి పిలుపు రావాలి. చాలాసార్లు వచ్చేది. రాని రోజున, తెగని చెప్పు పట్టీని సరిచేసుకుంటూ ఇద్దరం కాసేపు వంగి నిలబడేవాళ్లం.

బాపుకు నేనొక్కదాన్నే. పెళ్లయ్యాక కూడా అదే దుకాణంలో, అదే గల్లా పక్కన కూర్చున్నాను. మా ఆయన మంచిర్యాలలో ఉన్న రెండో దుకాణం చూసుకుంటాడు. నేను మార్కెట్లోకి అడుగుపెడితే కూరగాయలమ్మే అమ్మలు తట్టల మీద గోనెసంచులు కప్పుకుంటారని ఆయన నలుగురిలో చెబుతుంటాడు. అబద్ధం. ఒక్కామె మాత్రమే కప్పింది.

నేను పెద్దదాన్నయ్యాక అంగీ గుంజే పని ఖాళీ పడింది. కొన్నేళ్లకు నా కొడుకు దానిలో చేరాడు. నాకన్నా మెరుగ్గా చేసేవాడు. నేను ఆకలి దగ్గరే ఆగిపోయేదాన్ని. వాడు అవసరాన్ని బట్టి కడుపు నొప్పి దాకా పోయేవాడు. తువ్వాలు కదలడం చూస్తే చాలు, వాడి ముఖం వాడిపోయేది. మా బాపు మురిసిపోయి, "మన నెత్తురే" అనేవాడు.

ఆ పిల్లవాడు ఫుట్‌బాల్‌లో పడ్డాడు. ఎట్లా పడ్డాడో మాకు తెలియదు. మా వంశంలో పరుగెత్తినవాళ్లు ఎవరైనా ఉంటే అది దుకాణం దాటిపోయే గిరాకీ వెంటే. బడి మైదానంలో మొదలైంది. తరువాత హైదరాబాద్‌లోని ఒక పెద్ద క్లబ్బు మా ఊరి బయట తన అకాడమీకి ఒక శాఖ తెరిచి, పదమూడేళ్ల లోపు పిల్లలను ఎంపిక చేస్తుందని తెలిసింది. వెళ్లాం. పిల్లలందరినీ గుంపులు చేసి ఆడించారు. మా బాపు గోల్ కొట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. కోచ్ మాత్రం బంతి ఉన్న వైపు చూడటమే లేదు.

"గోల్ గొట్టినోన్ని వదిలిపెట్టి, ఊకె నిలవడ్డోళ్లను చూస్తుండేందే గీయన?" అన్నాడు బాపు నా చెవిలో.

ఊరికే నిలబడ్డవాళ్లలో మావాడు ఒకడు. తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో అడగకుండానే వచ్చేశాం. కుదిరిన బేరాన్ని కెలకకూడదని మాకు తెలుసు.

ఆ కోచ్ ఆదిలాబాద్ మనిషి. తెలుగు, ఉర్దూ, అప్పుడప్పుడు మరాఠీ, మూడూ ఒకే వాక్యంలో సర్దేవాడు. మొదటిరోజే తల్లిదండ్రులను రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టి, మైదానం అంచున సున్నంతో గీసిన గీత చూపించాడు.

"గీ గీత దాటి లోపలికి రావద్దు. బయటికెల్లి ఒర్రద్దు. మీ పిలగాండ్లకు చెప్పేటోన్ని నేనున్న. మీరు గూడ చెప్తే వాళ్లు ఎవరి మాటినాలె? మస్తుగ ఆడితె చప్పట్లు గొట్టున్రి. మీ పిలగానికే కాదు, ఎవ్వలు ఆడినా కొట్టున్రి."

"పేరు వెట్టి గూడ పిలువద్దా సార్?" అని ఒక తల్లి అడిగింది.

"పిలువద్దక్కా. ఇంకో ముచ్చట. ఇంటికి పొయ్యేటప్పుడు ఆట సంగతి ఎత్తద్దు. గది ఎందుకు తన్నలే, గిది ఎందుకు వదిలినవ్ అని పరేషాన్ జెయ్యద్దు. ఆకలైతుందా బిడ్డా అని అడుగున్రి. గంతే."

మా బాపు మెల్లగా అన్నాడు: "గిరాకిని పిలువకుంట, దుకాణం మూసినంక లెక్క జూసుకోకుంట, గిదేం వ్యాపారమే బిడ్డా?"

మొదటి నెలలు చూసినప్పుడు నాకూ అదే అనిపించింది. గోల్‌పోస్టుల జోలికే పోరు. గోడకు బంతి కొట్టడం, తిరిగొచ్చినదాన్ని ఆపడం. కుడికాలి పిల్లలకు పూటంతా ఎడమకాలితోనే పని. గుండ్రంగా నిలబడి బంతి పంచుకుంటుంటే, దాన్ని లాక్కోవడానికి మధ్యలో ఒక దొంగ. అన్నిటికన్నా వింతైనది ఇంకొకటి ఉంది. ఒక పిల్లవాడికి ముందు నుంచి బంతి వస్తుంటుంది. సరిగ్గా అప్పుడే కోచ్ వాడి వెనుక నిలబడి ఒక రంగు గుడ్డ పైకెత్తుతాడు. బంతి కాలికి తగిలేలోపు పిల్లవాడు మెడ తిప్పి చూసి ఆ రంగేమిటో అరిచి చెప్పాలి. "ఎర్ర!" "పచ్చ!" చెప్పలేకపోతే, బంతిని ఎంత అందంగా ఆపినా లెక్కలోకి రాదు.

"బంతి ముంగటికెల్లి వస్తుంటె ఎనుకకెందుకు చూసుడు?" అన్నాడు బాపు.

మావాడికి అదే కష్టమైంది. వాడి చూపు నేరుగా, కదలకుండా ఉండేది. అట్లా ఉండాలని నేర్పింది మేమే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మెడ తిప్పొద్దని చెప్పి పెంచిన పిల్లవాణ్ణి తీసుకొచ్చి, మెడ తిప్పడమే చదువైన చోట వదిలాం.

కొన్ని వారాలకొకసారి పిల్లల ఎత్తు కొలిచేవారు. నిలబెట్టి ఒకసారి, ఎత్తుపీట మీద కూర్చోబెట్టి ఒకసారి. "బట్టలు కుట్టిస్తరు గావచ్చు" అని బాపు సంబరపడ్డాడు. బట్టలు రాలేదు. ఆ కొలతలు ఎందుకో మాకు చాలాకాలం తెలియలేదు.

అదే వయసు గుంపులో ఆదిలాబాద్ జిల్లా బోథ్ వైపు నుంచి వచ్చిన పిల్లవాడొకడు ఉండేవాడు. పత్తి పండించే ఇంటి బిడ్డ. అకాడమీ హాస్టల్లోనే ఉండేవాడు. మావాడి వయసే, కాని అప్పటికే మూతి మీద నూగు, భుజాలు గడపంత. వాడు పరుగెత్తుకొస్తే ఎదుటి పిల్లలు వానకు వరి పడ్డట్టు పడిపోయేవాళ్లు. ఆదివారాలు మా ఇంటికి అన్నానికి వచ్చేవాడు. మా బాపు వాడి భుజం మీద వేలి మెటికతో కొట్టి, గిన్నెను కొట్టి చూసినట్టే చెవి దగ్గరికి తెచ్చి వినేవాడు.

"మంచి గేజీ ఉన్నడు వీడు. పదేండ్లు వాడినా సొట్టపడడు."

స్టీలు మందాన్ని మేం గేజీ అంటాం. మావాడు పలుచని గేజీ. చూస్తే తెలిసేదే. వాడు పక్కనే కూర్చొని పప్పు కలుపుకుంటూ వినేవాడు.

వానలు తగ్గిన తరువాత ఒక సాయంత్రం బాపు మైదానం నుంచి దుకాణానికి తిరిగొచ్చి గల్లా ముందు కూలబడ్డాడు. "మనోన్ని తీసి చిన్న పోరగాండ్లల్ల ఏసిండ్రు" అన్నాడు. "వాని తోటోళ్లు ఒక దిక్కు ఆడుతుండ్రు. వీడు ఇంకో దిక్కు, పాలబుగ్గలోళ్ల నడుమ. ఎన్నడో ఏసిండ్రట. ఇంట్ల చెప్పనేలేదు."

మా దుకాణంలో మెట్ల కింద ఒక అర ఉంది. కొత్త సరుకు ఎదురుగా అద్దాల వెనుక మెరుస్తుంది. గీత పడ్డది, అంచు వంగింది, మూత కుదరనిది మాత్రం ఆ అరలోకి దిగుతుంది. అక్కడికి దిగిన గిన్నె మళ్లీ పైకెక్కడం నేను చూడలేదు. తూకానికి పోతుంది. చెప్పకుండానే మా ఇద్దరికీ ఆ అరే కళ్ల ముందు ఆడింది.

"సొట్టల అరల పెట్టిండ్రే పిలగాన్ని" అన్నాడు బాపు. ఆయన గొంతు అట్లా పలకడం నన్ను కన్న అవ్వ ఆసుపత్రిలో ఉన్న రోజుల తరువాత నేను వినలేదు.

మరునాడు ముగ్గురం వెళ్లాం. ఆట ఇంకా మొదలు కాలేదు. కోచ్ షెడ్డు కింద బంతుల్లో గాలి చూసుకుంటున్నాడు. కుర్చీలు వేశాడు. మావాడు చంకలో బంతితో మా పక్కన నిలబడ్డాడు. బాపు తగ్గిన గొంతుతో మొదలుపెట్టాడు. కొనేటప్పుడు ఆయన ఎప్పుడూ అట్లాగే మొదలుపెడతాడు.

"మా పిలగాడు ఏమన్న తప్పు జేసిండా సార్?"

"ఏం తప్పు చెయ్యలే కాకా. మంచి పిలగాడు."

"మరి కిందికెందుకు దించిండ్రు?"

"దించలే కాకా. కొన్ని రోజులు వాళ్లతోని ఆడతడు. వాని ఎదుగుడు జర ఆలస్యమున్నది, గందుకు."

"ఎదగకపోవుడేంది? రెండు పూటల పాలు తాగుతడు." బాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇంకో దిక్కు గూడ అడుగుతుండ్రు సార్ మా వాన్ని. ఓ ఇద్దరు ముగ్గురు. మనం మాటిచ్చినం గదా అని నేనే ఆగిన."

ఎవరూ అడగలేదు. దుకాణంలో పుట్టినవాళ్ల నాలుక కింద ఆ అబద్ధం ఎప్పుడూ తయారుగా ఉంటుంది. నేను కూడా తల ఊపాను.

కోచ్ ముఖం వెలిగింది. "మంచిదే గదా కాకా. ఏడ ఆడినా ఆటనే."

బేరం ఆగిపోయింది. బాపు చెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది. తువ్వాలు లేచింది. అది గాలిలో ఉండగానే నా చెయ్యి దానంతట అదే ఆయన అంగీ వైపు సాగడం చూసుకున్నాను. ముప్పై దాటి ఎన్నేళ్లయినా అది ఆగలేదు. పక్కన పిల్లవాడున్నాడు, ఇది వాడి వంతు అని గుర్తొచ్చి చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాను.

తువ్వాలు కుడి భుజం మీద దిగింది.

మావాడు దాన్ని చూశాడు. చూడలేదని అనుకోవడానికి వీల్లేదు. వాడి ముఖంలో ఏదో కదిలి ఆగిపోయింది. బంతిని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. తాత అంగీ ముట్టలేదు.

బాపు దగ్గాడు. తువ్వాలును మళ్లీ సర్దుకున్నాడు, మొదటిసారి కనపడలేదేమో అన్నట్టు. చివరికి, నా ఎరుకలో ఎన్నడూ చేయని పని చేశాడు. వాడి మాట వాడికి తానే అందించాడు.

"ఆకలైతుందా బిడ్డా?"

"లేదు తాతా."

గాలి కొడుతున్న పంపు ఆగింది. కోచ్ మా ముఖాలు మార్చి మార్చి చూశాడు. మా మధ్య ఏం జరుగుతున్నదో ఆయనకు తెలియదు.

"నువ్వు పో తాతా," అన్నాడు మావాడు. గట్టిగా కాదు, కటువుగా కాదు. "నేను ఆట అయినంక వస్త." బంతి కింద వేసుకొని, గీత దాటి, ఆ పాలబుగ్గలవాళ్ల వైపు పోయాడు. వాళ్లలో ఒకడు వీణ్ణి చూసి ఎగురుకుంటూ ఎదురొచ్చాడు.

బాపు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. లేచినవాడు నడవాలి. నడిచాడు. షెడ్డు దాటాడు. గేటు దగ్గర స్కూటర్ పక్కన ఆగి, వంగి, చెప్పు పట్టీ సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. వెనక్కి చూడలేదు. నేను కుర్చీలోనే ఉన్నాను. ఆయన వెంట పోతే పిల్లవాణ్ణి వదిలినట్టు. కూర్చుంటే బాపును వదిలినట్టు. బేరంలో నేనెప్పుడూ అంత ఎటూకాని చోట నిలబడలేదు.

"మీ బాపును పిలువున్రక్కా, చాయ్ వస్తుంది" అన్నాడు కోచ్.

"నేను పిలిస్తె రాడు సార్. మీరే పిలువాలె."

"నేనెందుకు పిలువాలె?"

ఇన్నేళ్ల మా విద్య, తెలియని మనిషి ముందు పెడితే ఒక వాక్యం కూడా నిలబడేది కాదు.

అప్పుడు ఆయన ఎత్తు కొలతల సంగతి చెప్పాడు. ఒకే ఏడు పుట్టిన పిల్లలు ఒకేసారి ఎదగరు. కొందరి ఎముక తొందరపడుతుంది, కొందరిది ఆలస్యం చేస్తుంది. నిలబడ్డ ఎత్తు, కూర్చున్న ఎత్తు చూస్తే ఎవరు దారిలో ఎక్కడున్నారో ఇంచుమించుగా తెలుస్తుంది.

"బోథ్ పిలగాడు ఉన్నడు గదా, వానితోని ఆడితె మీవాడు ఏం జేస్తడు? తగులుతె పడతనని బంతి రాంగనే ఇంకొకనికి ఇచ్చేస్తడు. భయంతోని ఇస్తడు. గట్ల రెండేండ్లు ఆడితె భయమే నేర్చుకుంటడు. చిన్నోళ్లల్ల వానికి టైమ్ దొరుకుతది. చూస్తడు, ఆలోచన జేస్తడు. ఏదన్న కొత్తది చేసి చూస్తడు. చిన్నోళ్లు వాన్ని అడుగుతరు, వాడు చెప్పాలె. బోథ్ పిలగాన్ని గూడ అప్పుడప్పుడు పెద్దోళ్లల్ల ఏస్తున్న. మీరు చూసి ఉండరు. ఆడ వాని బలం పనిజెయ్యది, తెలివి వెతుక్కోవాలె."

"అయితె మావాడు ఉంటడా సార్?" అని అడిగాను. అడగవలసిన మాట అదొక్కటే. దాని చుట్టూ బాపు అల్లినదంతా గేటు దగ్గర వంగి నిలబడి ఉంది.

కోచ్ బంతిని నొక్కి చూసి పక్కన పెట్టాడు. "ఎండాకాలం ముంగట అందరి గురించి కూసొని మాట్లాడుకుంటం. ఈడికెల్లి హైదరాబాద్ అకాడమీకి పొయ్యేటోళ్లు కొంతమందే. మిగిలినోళ్లకు ఈడితోనే అయిపోతది. మీవాడు పోతడని నేను చెప్ప. పోడని గూడ చెప్ప. అప్పటిదాంక వానికి నేర్పేది నేర్పుత."

ఆట అయ్యేదాకా బాపు గేటు దగ్గరే ఉన్నాడు. ఆ సాయంత్రం ముగ్గురం ఇంటికి వస్తూ ఆట గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అకాడమీ నియమాన్ని మేం మొదటిసారి పాటించాం, కోపం వల్ల.

ఆ చలికాలమంతా బాపు మైదానం వైపు పోలేదు. నేను పోయేదాన్ని. షెడ్డు కింద కూర్చొని, అరవకుండా ఉండటం నేర్చుకున్నాను. తువ్వాలు లేని మనిషిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మావాడు చిన్నవాళ్ల మధ్య మొదట ముభావంగా ఆడాడు. తరువాత చెయ్యి చాపి చూపించడం మొదలుపెట్టాడు: నువ్వు అటు, నువ్వు ఇటు. ఒక రోజు ఒక చిన్నవాడు తప్పుగా తన్ని ఏడుస్తుంటే, వీడు పోయి వాడి బూటు లేసు కట్టి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో ఇంటికొచ్చాక అడగాలని గొంతు దాకా వచ్చింది. ఆకలైతుందా అని మాత్రం అడిగాను.

దుకాణంలోనూ తేడా తెలిసింది. వెనుక అరల దగ్గర ఎవరు ఏ గిన్నె మీద మనసు పడ్డారో వీడు ముందే చూసి ఉంచేవాడు. గిరాకీ నోరు తెరవకముందే దాన్ని తెచ్చి ముందు పెట్టేవాడు. బాపు అది గమనించాడు. మెచ్చుకోలేదు. దేనికైనా ఒక వంక పెట్టందే తీసుకోని మనిషి ఆయన. పక్కింటివాళ్లు ఇచ్చిన చాయ్‌లో కూడా చక్కెర ఎక్కువనో, చల్లారిందనో అన్న తరువాతే తాగుతాడు.

మా అవ్వ బాసర పోయి మనుమడి కోసం మొక్కి వచ్చింది. "సదువుల తల్లికి ఫుట్‌బాల్ సంగతి ఏం తెలుస్తదే?" అన్నాడు బాపు. "గిది గూడ సదువేనట, నీ బిడ్డ చెప్తుంది" అంది అవ్వ.

చలి తగ్గే రోజుల్లో చిన్నవాళ్ల జట్టును మ్యాచ్‌కు చెన్నూరు తీసుకుపోయారు. చెన్నూరులో ఒక పెళ్లి సామాన్ల ఆర్డరు ఉందని చెప్పి బాపు కూడా బయలుదేరాడు. ఆ పెళ్లి ఎవరిదో మాకు ఇప్పటికీ తెలియదు. గోదావరి వైపు నుంచి గాలి వస్తుంటే మైదానం అంచున తువ్వాలు తలకు చుట్టుకొని నిలబడ్డాడు.

ఆట సాగుతుంటే ఆయన కళ్లు బంతి మీద లేవు, మనుమడి మీద ఉన్నాయి. బంతి ఇంకా దూరంగా ఉండగానే మావాడు ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి చూశాడు. బంతి వచ్చింది. ఆపలేదు. ఎడమకాలితో అట్లాగే పక్కకు తోశాడు, ఎవరూ లేరనుకున్న చోటికి. అక్కడ బూటు లేసు కట్టించుకున్న ఆ చిన్నవాడున్నాడు. గోల్ వాడి పేరున పడింది. అందరూ వాడి మీద పడ్డారు. మావాడు వెనక్కి నడుచుకుంటూ తన చోటికి పోయాడు.

"మెడ ఎందుకట్ల తిప్పుతుండే?" అన్నాడు బాపు.

"బంతి రాకముందే ఎవడు యాడున్నడో చూసుకుంటడట బాపూ. వచ్చినంక చూస్తె టైమ్ ఉండదట."

బాపు తలకు చుట్టిన తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "మనం తిప్పద్దంటిమి" అన్నాడు తరువాత. నాతో అన్నాడో, గాలితో అన్నాడో.

ఆట అయ్యాక మావాడు మా దగ్గరికి వచ్చాడు. మోకాలికి దుమ్ము. నేను మాట్లాడకముందే బాపు అడిగాడు.

"ఆకలైతుందా బిడ్డా?"

"మస్తు ఆకలైతుంది తాతా."

ఇద్దరూ ముందు నడిచారు. షెడ్డు కింద జరిగినదాని తరువాత వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసి మాట్లాడుకున్న మొదటి మాట అది.

ఎండలు ముదరకముందే, హైదరాబాద్ పోయేది ఎవరో చెప్పే దినం వచ్చింది. బంతులు పెట్టే గది పక్కన ఒక చిన్న గది. ఒక్కో ఇంటివాళ్లను లోపలికి పిలిచి చెబుతున్నారు. బయట బల్ల మీద మేం, మా పక్కన బోథ్ పిల్లవాడు, వాడి నాయిన. ఆయన మొదటి బస్సుకు బయలుదేరి వచ్చాడు. చేతులు ఒళ్లో పెట్టుకొని తలుపు వైపే చూస్తున్నాడు. బాపు ఆయనతో పత్తి ముచ్చట పెట్టాలని చూశాడు. ముచ్చట నడవలేదు.

వాళ్లను ముందు పిలిచారు. బయటికి వచ్చినప్పుడు ఆ నాయిన ముఖం చూస్తేనే అర్థమైంది. పిల్లవాణ్ణి తీసుకున్నారు. ఏడుస్తున్నది మాత్రం పిల్లవాడే. మావాణ్ణి చూసి గోడ వైపు తిరిగిపోయాడు. వాడికి లోపల ఏదో తెలిసి ఉంటుందని నాకు తోచింది. బేరగాళ్లకు ముఖాలు చదవడం వస్తుంది. ఆ రోజు ఆ విద్య రాకపోతే బాగుండుననిపించింది.

లోపల కోచ్ మమ్మల్ని కూర్చోమన్నాడు. మాతో కాదు, మావాడితో మాట్లాడాడు.

"ఈసారి నిన్ను తీసుకపోతలేం రా."

మావాడు తల ఊపాడు. "ఏం తక్కువైంది సార్?"

"చూపు మంచిగైంది. ఎడమకాలు మంచిగైంది. గీ గుంపుల అందరికంటె ఎక్కువ నేర్చుకున్నది నువ్వే, గది నేను రాసిచ్చిన. కని నీ జాగల ఆడే పిలగాడు హైదరాబాద్‌ల ఒకడున్నడు, నీకంటె ముంగట ఉన్నడు. జాగ ఒక్కటే ఉన్నది. ఇప్పుడు నీ ఒళ్లు ఇంకా తయారు కాలే. ఏడాది ఆగితె ఏమైతదో నాకు తెల్వది. ఆగే వీలు క్లబ్బుకు లేదు. మేం పొరపాటు గూడ పడతం. పడ్డం గూడ." ఆయన గొంతు సవరించుకున్నాడు. "బడి టీముల ఆడు. జిల్లా టీముకు నేను చెప్త. ఎదిగినంక మళ్ల ట్రయల్స్‌కు రా. ఆడుడు మాత్రం ఇడువకు."

గదిలో పంకా తిరుగుతోంది. నా పక్కన బాపు ఊపిరి మారడం విన్నాను. అది నాకు తెలిసిన ఊపిరి. ఆయన చెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది. ఇంకో ఏడాది ఉంచుకోమంటాడు, ఇంకెవరో అడుగుతున్నారంటాడు, లేస్తాడు. ఆయన దగ్గర ఇంకేముంది? జీవితమంతా ఆ ఒక్క విద్యతోనే మాకు అన్నం పెట్టాడు. ఈసారి నేను గుంజుదామనే అనుకున్నాను. సిగ్గు లేకుండా అనుకున్నాను. అంగీ కొస నా వేళ్లకు అందేంత దూరంలోనే ఉంది.

మావాడి చెయ్యి ముందు పోయింది. తువ్వాలు మీదున్న తాత చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"వద్దు తాతా."

ఆ రెండు చేతులు అట్లాగే ఉన్నాయి కాసేపు. తువ్వాలు కదలలేదు.

మావాడు లేచి, "థ్యాంక్యూ సార్" అన్నాడు. తరువాత, "ఇయ్యాల కోన్లు తీసుడు మా గుంపు వంతు సార్. తీసిపోత" అని బయటికి నడిచాడు.

మైదానం నిండా ఆట కోసం పెట్టిన రంగు రంగుల ప్లాస్టిక్ కోన్లు. వాడు అవతలి కొస నుంచి ఒక్కొక్కటి ఏరుతున్నాడు. బోథ్ పిల్లవాడు ముక్కు తుడుచుకుంటూ వచ్చి ఇంకో వైపు నుంచి ఏరడం మొదలుపెట్టాడు. నేను షెడ్డు కింద, నా మామూలు చోట నిలబడ్డాను. బాపు సున్నపు గీత దగ్గర ఆగాడు. చెప్పులు విడిచాడు. గీత దాటి లోపలికి పోయాడు. ఎవరూ ఆయనను ఆపలేదు.

పిల్లలు కుప్పగా తెచ్చి పోసిన కోన్లను ఆయన కింద కూర్చొని ఒకదానిలో ఒకటి పేర్చాడు. రంగుకు రంగు, సైజుకు సైజు, మా దుకాణంలో గ్లాసులు పేర్చినట్టు. ప్రతిదాన్నీ దిగేలా అరచేత్తో పైన ఒక దెబ్బ వేసేవాడు. ఒకదాని అంచు వంగి ఉంది. దాన్ని పక్కన పడేస్తాడనుకున్నాను. మోకాలి మీద పెట్టుకొని బొటనవేళ్లతో ఒత్తి సరిచేసి, మిగతావాటితో పాటే పేర్చాడు.

అంతా అయ్యాక బోథ్ పిల్లవాడు దొంతరలు ఎత్తుకొని స్టోరు గదికి పోయాడు. మేం గేటు వైపు నడిచాం. బాపు ముందు, మావాడు మధ్యలో, నేను వెనుక. గేటు దగ్గర బాపు ఆగి చేతిలోని చెప్పులు కింద వేశాడు. ఒక కాలు చెప్పులో పెట్టాడు. రెండో కాలికి వంగాడు.

"కాకా!"

వెనుక నుంచి కోచ్ గొంతు.

మా బాపు మెడ తిప్పాడు. అంత వేగంగా తిప్పుతాడని నేను అనుకోలేదు. మావాడు తిప్పాడు. నేను కూడా తిప్పాను. ముగ్గురి ముఖాల మీదా ఉన్నది ఒకటే. మెట్లు దిగేటప్పుడు మేం ఎదురుచూసే పిలుపు ఇదేనన్న ఆశ.

కోచ్ షెడ్డు కింద చేతిలో చాయ్ కేట్లీతో నిలబడి ఉన్నాడు. "చాయ్ వచ్చింది కాకా. తాగిపోన్రి."

బాపు కాసేపు అట్లాగే ఉండిపోయాడు, ఒక కాలు చెప్పులో, ఒక కాలు మట్టిలో. తరువాత వేసుకున్న చెప్పును కూడా విడిచి వెనక్కి నడిచాడు. మావాడు ఆయన పక్కన నడిచాడు.

చాయ్ చల్లారిపోయింది. చక్కెర ఎక్కువైంది. బాపు చివరిదాకా తాగి, గ్లాసు కింద పెట్టాడు. ఒక్క వంక పెట్టలేదు.